రెండో క్రెడిట్ కార్డు ఏ బ్యాంకులో తీసుకోవాలి? పాత పరిచయం లిమిట్‌ను పెంచేదెప్పుడు, పెంచనిదెప్పుడు

ఒక క్రెడిట్ కార్డును రెండు మూడేళ్లుగా సక్రమంగా వాడుకుంటున్నవారికి రెండో కార్డు ఆలోచన రావడం సహజం. అప్పుడు ఎక్కువమంది రివార్డు పాయింట్లను, విమానాశ్రయ లాంజి సౌకర్యాన్ని, వార్షిక రుసుమును పోల్చి చూస్తారు. లిమిట్ ఎంత వస్తుందన్న సంగతి మాత్రం కార్డు ఇంటికి చేరిన తరవాతే చూసుకుంటారు. "ఇన్నేళ్లుగా ఈ బ్యాంకులోనే ఖాతా ఉంది, జీతం ఇందులోనే పడుతుంది, కాబట్టి రెండో కార్డు మీద మంచి లిమిట్ ఇస్తారు" అని నమ్మి దరఖాస్తు చేసి, కవరు విప్పి చూసేసరికి కొత్త కార్డుకు విడిగా లిమిట్ ఏమీ లేదని, పాత లిమిట్‌నే రెండు కార్డులూ పంచుకోవాలని తెలిసి నిరుత్సాహపడినవారిని నేను చాలామందినే చూశాను. బ్యాంకుతో ఉన్న పాత పరిచయానికి విలువ లేదని కాదు. అది దరఖాస్తు త్వరగా ఆమోదం పొందడానికి బాగా పనికొస్తుంది, మొదటి లిమిట్‌ను నిర్ణయించడంలోనూ పనికొస్తుంది. రెండో కార్డు విషయంలో మాత్రం అదే పరిచయం ఒక్కోసారి మొత్తం లిమిట్ పెరగకుండా ఆపుతుంది. ఏ అవసరానికి ఏ దారి మేలో తేల్చుకోవాలంటే ముందు ఈ సంగతి అర్థం చేసుకోవాలి.

పోలిక సులువుగా ఉండటానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. నెలకు 60,000 రూపాయలు చేతికి వచ్చే ఒక ఉద్యోగికి ఒక బ్యాంకులో జీతం ఖాతా, అదే బ్యాంకు కార్డు మీద 1,50,000 రూపాయల లిమిట్ ఉన్నాయనుకుందాం. నెలకు కార్డు మీద సుమారు 45,000 ఖర్చు చేసి, గడువులోగా మొత్తం బిల్లు కట్టేస్తున్నారనుకుందాం. ఈ మనిషి ముందున్న దారులు నాలుగు. అదే బ్యాంకులో రెండో కార్డు తీసుకోవచ్చు, ఉన్న కార్డు మీదే లిమిట్ పెంచమని అడగవచ్చు, మరో బ్యాంకుకు వెళ్లవచ్చు, లేదా ఫిక్స్‌డ్ డిపాజిట్ హామీగా పెట్టి కార్డు తీసుకోవచ్చు.

మన గురించి బ్యాంకుకు ఏం తెలుసు

లిమిట్‌ను నిర్ణయించేటప్పుడు బ్యాంకు రెండు చోట్ల నుంచి సమాచారం తీసుకుంటుంది. మొదటిది మన రుణ చరిత్ర నివేదిక. మన దేశంలో ఈ నివేదికలను తయారుచేసే సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. ఇవి 2005 నాటి క్రెడిట్ ఇన్ఫర్మేషన్ కంపెనీల చట్టం కింద పనిచేస్తాయి. మన చెల్లింపుల తీరును బట్టి ఇవి ఇచ్చే అంకెను స్కోరు అంటారు, అది 300 నుంచి 900 వరకు ఉంటుంది. రెండోది బ్యాంకు సొంత రికార్డు, అంటే మన ఖాతాలో నెలనెలా కనిపించే రాకపోకలు.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. సిబిల్ వంటి సంస్థల నివేదికలో మన అప్పులు, వాటి చెల్లింపులు, కార్డుల లిమిట్లు, బకాయిలు, కొత్త అప్పు కోసం ఎన్నిసార్లు అడిగామన్న వివరాలు ఉంటాయి. పొదుపు ఖాతాలో ఎంత నిల్వ ఉందో, ఎన్ని లక్షల డిపాజిట్ వేశామో అందులో ఉండదు. పది లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉన్న మనిషీ, పైసా దాచుకోని మనిషీ అప్పులు ఒకే రకంగా తీర్చివుంటే కొత్త బ్యాంకుకు ఆ నివేదికలో దాదాపు ఒకే రకంగా కనిపిస్తారు. పాత బ్యాంకు పరిచయానికి ఉన్న అసలు బలం ఇక్కడే ఉంది. జీతం ఏ తేదీన పడుతోంది, నెల చివరికి ఖాతాలో ఏమైనా మిగులుతోందా లేక ఇరవయ్యో తేదీకే ఖాళీ అవుతోందా, వాయిదాలకు ఇచ్చిన ఆదేశాలు ఖాతాలో డబ్బు చాలక ఎప్పుడైనా తిరిగి వెళ్లాయా, డిపాజిట్లు ఏమున్నాయి అన్నవన్నీ ఆ బ్యాంకుకు కాగితం అడగకుండానే తెలుసు. ముందస్తు ఆమోదం అంటూ యాప్‌లో కనిపించే ఆఫర్లు ఈ సమాచారం నుంచే పుడతాయి.

ఈ ఆధిక్యం ఇప్పుడు కొంత తగ్గుతోంది. రిజర్వు బ్యాంకు 2016లో నిబంధనలు రూపొందించగా 2021 సెప్టెంబరులో వాడుకలోకి వచ్చిన అకౌంట్ అగ్రిగేటర్ వ్యవస్థ ద్వారా, మనం ఫోనులో సమ్మతి ఇస్తే ఒక బ్యాంకులోని ఖాతా వివరాలను మరో బ్యాంకు నేరుగా చూడగలదు. కొత్త బ్యాంకుకు దరఖాస్తు చేసేటప్పుడు ఆ అవకాశం చూపిస్తే, నిల్వలు బాగా ఉన్నవారు దాన్ని వాడుకోవడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే నివేదికలో కనిపించని మీ బలం అక్కడ కనిపిస్తుంది. నెల తిరగకముందే ఖాళీ అయ్యే ఖాతా ఉన్నవారికి మాత్రం జీతం స్లిప్పులు, ఫారం 16 ఇచ్చి ఊరుకోవడమే మేలు.

పరిచయం అంటే ఎన్నేళ్లుగా ఖాతా ఉందన్న లెక్క ఒక్కటే కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. మన ఊళ్లలో ఆంధ్రా బ్యాంకు ఖాతాలు తరతరాలుగా ఉన్న కుటుంబాలు ఎన్నో. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది. అంతకు మూడేళ్ల ముందు, 2017 ఏప్రిల్ 1న, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. బ్రాంచి మేనేజరు పేరు పెట్టి పిలిచే చనువు ఉన్నవారు, ఆ చనువు కార్డు లిమిట్‌కు కూడా పనికొస్తుందని అనుకుంటారు. కార్డు లిమిట్ సాధారణంగా బ్రాంచిలో తేలదు. కేంద్ర కార్యాలయంలోని రుణ విభాగం, ఎక్కువగా కంప్యూటరు లెక్కల ఆధారంగా తేలుస్తుంది. పాతికేళ్లుగా ఉన్నా కదలిక లేని పొదుపు ఖాతా కంటే, ఏడాదిన్నరగా నెలనెలా జీతం పడుతున్న ఖాతాకు ఆ లెక్కల్లో ఎక్కువ బరువు ఉంటుంది.

మరో తికమక కూడా ఉంది. స్టేట్ బ్యాంకులో ఖాతా ఉన్నవారు అక్కడి కార్డును తమ బ్యాంకే ఇస్తోందనుకుంటారు. నిజానికి దాన్ని ఇచ్చేది ఎస్‌బీఐ కార్డ్స్ అండ్ పేమెంట్ సర్వీసెస్ అనే వేరే కంపెనీ. అది 1998లో మొదలై, 2020 మార్చిలో స్టాక్ ఎక్స్ఛేంజీలలో నమోదైంది. బ్యాంక్ ఆఫ్ బరోడా కార్డులను కూడా బాబ్‌కార్డ్ అనే అనుబంధ సంస్థ ఇస్తుంది. ఇలాంటి చోట బ్యాంకు ఖాతాదారు అన్న హోదా ఆఫర్ రావడానికి తోడ్పడవచ్చుగానీ, లిమిట్ నిర్ణయం ఆ కంపెనీ సొంత లెక్క ప్రకారమే జరుగుతుంది. అందువల్ల స్టేట్ బ్యాంకు ఖాతాదారు ఎస్‌బీఐ కార్డు తీసుకున్నప్పుడు, పాత బ్యాంకులో తీసుకున్నట్టూ కాదు, పూర్తిగా కొత్త చోట తీసుకున్నట్టూ కాదు.

అదే బ్యాంకులో రెండో కార్డు

ఇప్పుడు మొదటి దారి చూద్దాం. ఒకే బ్యాంకు రెండో కార్డు ఇచ్చినప్పుడు చాలా బ్యాంకులు పాటించే పద్ధతి ఉమ్మడి లిమిట్. మన ఉదాహరణలోని ఉద్యోగికి రెండో కార్డు మీద కూడా 1,50,000 అని అచ్చు వేసి పంపుతారు. అది చూసి మొత్తం 3,00,000 వచ్చిందని సంతోషపడేవారున్నారు. కానీ ఒక కార్డు మీద 1,00,000 ఖర్చు చేసిన మరుక్షణం రెండో కార్డు మీద మిగిలేది 50,000 మాత్రమే. బ్యాంకు కోణంలో ఇది న్యాయమే. బ్యాంకు లిమిట్ ఇచ్చేది ప్లాస్టిక్ ముక్కకు కాదు, మనిషికి. "ఈ మనిషికి పూచీ లేకుండా ఎంతవరకు అప్పు ఇవ్వవచ్చు" అని ఒకసారి తేల్చుకున్నాక, కార్డులు ఎన్ని ఇచ్చినా ఆ అంకె మారదు. పరిచయం వల్ల కలిగే లాభం ఆ మొదటి అంకెలోనే చేరిపోయి ఉంటుంది కాబట్టి, రెండో కార్డు నాటికి మళ్లీ కొత్తగా కలిసేది ఉండదు.

కొన్ని బ్యాంకులు కొన్ని కార్డులకు, ముఖ్యంగా షాపింగ్ సంస్థలతో కలిసి ఇచ్చే కార్డులకు, విడి లిమిట్ ఇస్తాయి. అందుకే దరఖాస్తుకు ముందే "ఈ కార్డు లిమిట్ నా పాత కార్డుతో కలిసి ఉంటుందా, విడిగా ఉంటుందా?" అన్న ఒక్క ప్రశ్నను ఈమెయిలు ద్వారా అడిగి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోవాలి. ఫోనులో కార్డు అమ్మేవారి మాట దీనికి చాలదు.

మరి ఉమ్మడి లిమిట్ ఉన్న రెండో కార్డుతో లాభమే లేదా అంటే, కొన్ని అవసరాలకు అదే సరిపోతుంది. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డులను యూపీఐకి జతచేసుకునే వీలు వచ్చింది. కిరాణా కొట్టులో, మందుల షాపులో వ్యాపారి క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి క్రెడిట్ కార్డు నుంచి చెల్లించవచ్చు; స్నేహితులకు, బంధువులకు డబ్బు పంపడానికి మాత్రం కుదరదు. మీ పాత కార్డు వీసాదో మాస్టర్‌కార్డుదో అయి, మీకు కావలసింది ఈ సౌకర్యం మాత్రమే అయితే, అదే బ్యాంకు రూపే కార్డు తీసుకోవడం చాలు. కాగితాల పని దాదాపు ఉండదు, లిమిట్ పెరగకపోయినా నష్టం లేదు. పెట్రోలుకో ప్రయాణాలకో ప్రత్యేకమైన కార్డు కావలసినవారి విషయమూ ఇంతే.

కష్టకాలానికి అక్కరకొస్తుందని రెండో కార్డు తీసుకునేవారికి మాత్రం నేను ఈ దారిని సూచించను. ఆ బ్యాంకు సర్వరు మొరాయించిన రోజున రెండు కార్డులూ ఒకేసారి ఆగిపోతాయి. ఏదో అనుమానాస్పద లావాదేవీ జరిగిందని బ్యాంకు మీ ఖాతాను తాత్కాలికంగా నిలిపివేసినప్పుడు కూడా అదే పరిస్థితి రావచ్చు. బ్యాంకు మీద నియంత్రణ చర్య వస్తే కొత్త కార్డు దారే మూసుకుపోతుంది: కోటక్ మహీంద్రా బ్యాంకు కొత్త క్రెడిట్ కార్డులు ఇవ్వకుండా 2024 ఏప్రిల్ 24న రిజర్వు బ్యాంకు విధించిన ఆంక్షలు 2025 ఫిబ్రవరి వరకు కొనసాగాయి. అంతకుముందు 2020 డిసెంబరులో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు మీద కూడా ఇలాంటి ఆంక్ష వచ్చి, కొత్త కార్డుల జారీకి 2021 ఆగస్టులో సడలింపు దొరికింది.

కార్డు కాదు, లిమిటే కావాలంటే

మీకు నిజంగా కావలసింది పెద్ద లిమిట్ అయితే, రెండో కార్డు గురించి ఆలోచించే ముందు పాత కార్డు మీదే పెంచమని అడగాలి. పాత పరిచయం నిండుగా ఫలితమిచ్చేది ఇక్కడే. మొదటి కార్డు తీసుకున్న నాటికి మీ జీతం 35,000 ఉండి ఇప్పుడు 60,000 అయిందనుకోండి. జీతం ఖాతా అక్కడ లేకపోతే ఆ సంగతి బ్యాంకుకు తెలిసే దారి లేదు. కొత్త జీతం స్లిప్పులు గానీ, వ్యాపారులైతే తాజా ఆదాయపు పన్ను రిటర్నులు గానీ పంపితే, సకాలంలో బిల్లులు కట్టిన చరిత్ర ఉన్న ఖాతాదారుకు పెంచడానికి బ్యాంకు సాధారణంగా వెనకాడదు.

ఖర్చు నిష్పత్తి, అంటే ఉన్న లిమిట్‌లో ఎంత శాతం వాడుతున్నామన్న లెక్క, కూడా ఇక్కడ చూడాలి. మన ఉదాహరణలో 1,50,000 లిమిట్ మీద 45,000 వాడకం అంటే 30 శాతం. స్కోరు ఆరోగ్యంగా ఉండాలంటే వాడకం 30 శాతం లోపు ఉంచుకోవాలని సలహాదారులు చెప్పే లెక్కకు అది సరిగ్గా అంచున ఉంది. అదే బ్యాంకులో ఉమ్మడి లిమిట్‌తో రెండో కార్డు తీసుకుంటే ఈ శాతం మారదు. పాత కార్డు లిమిట్ 2,50,000కు పెరిగినా, వేరే బ్యాంకు 1,00,000 లిమిట్‌తో కార్డు ఇచ్చినా మొత్తం 2,50,000 అవుతుంది, వాడకం 18 శాతానికి దిగుతుంది. పైగా లిమిట్ పెంపుకు వార్షిక రుసుము అదనంగా ఉండదు, గుర్తుపెట్టుకోవలసిన గడువు తేదీ మరొకటి చేరదు. అందుకే ఖర్చు నిష్పత్తిని తగ్గించుకోవడమే లక్ష్యమైనవారు ముందు ఈ తలుపు తట్టాలని నేను గట్టిగా చెబుతాను.

ఒక హెచ్చరిక. రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ 21న జారీచేసి, ఆ ఏడాది జూలై 1 నుంచి అమల్లోకి తెచ్చిన కార్డు నిబంధనల ప్రకారం మీ స్పష్టమైన సమ్మతి లేకుండా లిమిట్ పెంచకూడదు. అడగకుండా కార్డు పంపి బిల్లు వేస్తే, ఆ సొమ్మును వెనక్కి తీసుకోవడమే కాక దానికి రెట్టింపు జరిమానాగా మీకు చెల్లించాలి. కాబట్టి ఫోనులో ఎవరో "మీ లిమిట్ పెరిగింది సార్, ఓటీపీ చెప్పండి" అంటే చెప్పనవసరం లేదు, చెప్పకూడదు కూడా. పెంపు కావలసినప్పుడు మీరే బ్యాంకు యాప్‌లోకి వెళ్లి అడగండి.

కొత్త బ్యాంకు

మూడో దారిలో పరిచయం ఉండదు, కానీ లిమిట్ నిజంగా కొత్తగా కలిసేది ఇక్కడే. పరిచయం లేని లోటును పూరించడానికి బ్యాంకులు వాడే పద్ధతి ఒకటి ఉంది: మరో బ్యాంకు ఇచ్చిన కార్డును, దాని లిమిట్‌ను, కొన్ని నెలల బిల్లులను చూసి, వాటి ఆధారంగా కొత్త కార్డు ఇవ్వడం. దీన్ని వాడుకలో కార్డు మీద కార్డు అంటారు. ఒక బ్యాంకు మీ మీద ఉంచిన నమ్మకాన్ని మరో బ్యాంకు అరువు తెచ్చుకోవడం లాంటిదిది. పాత బ్యాంకులో లిమిట్ పెంచుకున్న తరవాత ఈ దారికి వెళ్లడమే మేలు అనడానికి ఇదే కారణం; 1,50,000 కార్డు చూపి అడగడానికీ, 2,50,000 కార్డు చూపి అడగడానికీ తేడా ఉంటుంది.

కానీ ఎన్ని బ్యాంకులకు వెళ్తే అన్ని లిమిట్లు పోగవుతాయనుకుంటే పొరపాటు. కార్డు లిమిట్ నిర్ణయించేటప్పుడు ఆ వ్యక్తికి ఇతర సంస్థలు ఇప్పటికే ఇచ్చిన లిమిట్లన్నిటినీ లెక్కలోకి తీసుకోవాలని పైన చెప్పిన నిబంధనలే నిర్దేశిస్తున్నాయి. వాడకపోయినా సరే, ఉన్న లిమిట్ లెక్కలోకి వస్తుంది. ఇక 2023 నవంబరు 16న రిజర్వు బ్యాంకు క్రెడిట్ కార్డు బకాయిల మీద బ్యాంకులకు ఉండే రిస్కు వెయిటును 125 శాతం నుంచి 150 శాతానికి పెంచింది. సామాన్య భాషలో చెప్పాలంటే, కార్డు మీద ఇచ్చే ప్రతి రూపాయి అప్పుకూ బ్యాంకు మునుపటికంటే ఎక్కువ సొంత మూలధనాన్ని పక్కన పెట్టుకోవాలి. బ్యాంకులు లిమిట్ల విషయంలో చెయ్యి బిగించడానికి ఇలాంటి చర్యలు కారణమవుతాయి. మీ చరిత్రలో లోపం లేకపోయినా ఆశించినంత రాకపోవచ్చు.

ఉమ్మడి లిమిట్ కార్డులు ఇప్పటికే రెండు ఉన్నవారు కొత్త బ్యాంకుకు వెళ్లేముందు తమ నివేదికను ఒకసారి తెరిచి చూడాలి. రెండు కార్డుల ఎదుటా 1,50,000 చొప్పున నమోదై ఉంటే, చూసేవారికి మీకు 3,00,000 లిమిట్ ఉన్నట్టు కనిపించవచ్చు. అది కొత్త బ్యాంకు ఇవ్వదలచిన అంకెను తగ్గించే అవకాశం ఉంది కాబట్టి, దరఖాస్తులో అవి ఉమ్మడి లిమిట్ కార్డులని స్పష్టంగా రాయడం మంచిది. నాలుగు సంస్థల్లో ఒక్కోదాని నుంచి ఏడాదికి ఒక పూర్తి నివేదికను ఉచితంగా పొందే హక్కు మనకు ఉంది. మన నివేదికను మనమే చూసుకుంటే స్కోరు తగ్గదు. తప్పు కనిపిస్తే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో దిద్దకపోతే ఆ తరవాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలన్న నిబంధన 2024 నుంచి అమల్లో ఉంది.

ఒకే నెలలో మూడు నాలుగు బ్యాంకులకు దరఖాస్తు చేయడం ఈ దారిలో జరిగే పెద్ద తప్పు. ప్రతి దరఖాస్తుకూ ఆ బ్యాంకు నివేదిక అడిగిన సంగతి నమోదవుతుంది, తరవాత చూసే బ్యాంకుకు ఈ మనిషి డబ్బుకు ఇబ్బంది పడుతున్నాడేమోనన్న అనుమానం కలుగుతుంది. 2025 జనవరి నుంచి బ్యాంకులు రుణ వివరాలను కనీసం పదిహేను రోజులకోసారి పంపవలసి ఉన్నందున, కొత్త సంగతులు నివేదికలోకి మునుపటికంటే త్వరగా చేరుతున్నాయి. ఒక దరఖాస్తుకూ మరొకదానికీ మధ్య కనీసం ఆరు నెలలు ఆగడం మంచిది. దరఖాస్తుకు ముందు నెలలో బిల్లు తయారయ్యే తేదీకి రెండు మూడు రోజుల ముందే ఎక్కువ భాగం కట్టేస్తే, నమోదయ్యే బకాయి తక్కువగా ఉంటుంది.

జీతం ఖాతా ఉన్నచోటే కార్డు ఉండటంలో ఒక చిక్కు

లిమిట్ లెక్కలు ఎలా ఉన్నా, ఈ విషయం ప్రతి కుటుంబమూ ఆలోచించుకోవాలి. 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలోని 171వ సెక్షన్ బ్యాంకులకు తమ చేతికి వచ్చిన ఖాతాదారు సొత్తు మీద సాధారణ ధారణ హక్కు (లీన్, అంటే బకాయి తీరేదాకా ఆ సొత్తును తమ దగ్గరే ఉంచుకునే హక్కు) ఇస్తుంది; దానికి తోడు కార్డు ఒప్పంద పత్రాల్లో, బకాయి తీర్చకపోతే మీ ఖాతాలోని సొమ్మును ఆ బకాయికి జమ కట్టుకోవచ్చన్న షరతు సాధారణంగా ఉంటుంది. కార్డు ఒక బ్యాంకుదీ, జీతం ఖాతా మరో బ్యాంకుదీ అయితే కార్డు బ్యాంకు మీ జీతాన్ని నేరుగా తాకలేదు. రెండూ ఒకేచోట ఉంటే, ఉద్యోగం పోయినప్పుడో ఇంట్లో ఎవరో ఆసుపత్రి పాలైనప్పుడో బిల్లు తప్పితే, పిల్లల ఫీజుకని ఉంచుకున్న డబ్బు కార్డు బకాయికి పోవచ్చు.

అందుకని జీతం ఖాతా బ్యాంకు కార్డు వద్దని చెప్పడం లేదు. నెలనెలా మొత్తం బిల్లు కట్టేవారికి ఈ చిక్కు ఎదురుకాదు. వారికి ఆటోమేటిక్ చెల్లింపు సులువు, లిమిట్ మొదటిసారే మెరుగ్గా వస్తుంది. కానీ ఆదాయం ఒడుదొడుకులుగా ఉండే చిన్న వ్యాపారులు, కాంట్రాక్టు ఉద్యోగులు ఇంటి ఖర్చుల ఖాతా ఉన్న బ్యాంకులో పెద్ద లిమిట్ పెట్టుకోకుండా ఉండటమే క్షేమం. కార్డు బకాయి మీద సాధారణంగా నెలకు మూడున్నర శాతానికి అటూ ఇటూగా వడ్డీ పడుతుంది, అంటే ఏడాదికి నలభై శాతానికి అటూ ఇటూ. కనీస చెల్లింపు కట్టి నెట్టుకొచ్చే అలవాటు ఉన్నవారికి పరిచయం వల్ల వచ్చే పెద్ద లిమిట్ మేలు చేయదు, కీడే చేస్తుంది. వారికి రెండో కార్డు ఏ దారిలోనూ వద్దన్నదే నా సలహా.

డిపాజిట్ హామీతో కార్డు

పరిచయం ఉన్నా ఆదాయం చూపించలేనివారి కోసం నాలుగో దారి ఉంది. గోదావరి, కృష్ణా జిల్లాల్లోని రైతు కుటుంబాలను తీసుకుంటే, వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను మినహాయింపు ఉండటంతో చాలామందికి రిటర్నులు ఉండవు; ఉన్నా వాటిలో చూపే పన్ను ఆదాయం చిన్నదే. ఖాతాలో పంట డబ్బు ఏడాదికి రెండుసార్లు పెద్ద మొత్తంగా పడుతుంది తప్ప నెలనెలా జీతంలా పడదు. బ్యాంకు లెక్కల యంత్రానికి ఇది నచ్చదు. గృహిణులకు, విదేశాల నుంచి తిరిగి వచ్చినవారికి కూడా ఇదే ఇబ్బంది. అమెరికాలో పదేళ్లు చక్కగా కార్డులు వాడి హైదరాబాదుకు తిరిగొచ్చినవారి అక్కడి స్కోరు ఇక్కడి నివేదికలో కనిపించదు, ఇక్కడ మళ్లీ మొదటి నుంచి చరిత్ర కట్టుకోవాలి.

ఇలాంటివారు ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, దాని మీద కార్డు తీసుకోవచ్చు. బ్యాంకును బట్టి డిపాజిట్‌లో సుమారు 75 నుంచి 100 శాతం వరకు లిమిట్ ఇస్తారు. డిపాజిట్ మీద వడ్డీ మామూలుగానే వస్తుంది. కార్డు ఉన్నంతకాలం దాన్ని విరవడానికి మాత్రం వీలుండదు. ఇక్కడ లిమిట్‌ను పరిచయం గానీ జీతం గానీ నిర్ణయించవు, మీరు వేసిన అంకె నిర్ణయిస్తుంది. కాబట్టి అలవాటున్న బ్యాంకులోనే తీసుకోవాలన్న నిర్బంధం లేదు. వడ్డీ రేటు, లిమిట్ శాతం, రుసుము చూసి ఎంచుకోవచ్చు. ఒక బ్యాంకులో ఒక డిపాజిటరుకు 5 లక్షల రూపాయల వరకే బీమా ఉంటుందన్నది మాత్రం మరవకూడదు. ఏడాది, ఏడాదిన్నర పాటు బిల్లులు సక్రమంగా కట్టిన తరవాత, ఆ చరిత్ర చూపి డిపాజిట్ లేని మామూలు కార్డుకు వెళ్లవచ్చు. బంగారం మీద అప్పు తీసుకుని గడువులో తీర్చే కుటుంబాలకు ఆ చెల్లింపులు కూడా నివేదికలో చరిత్రగా నిలుస్తాయి.

కుటుంబ సభ్యులకు ఇచ్చే అదనపు కార్డు గురించి రెండు మాటలు చాలు. అది ప్రధాన కార్డు లిమిట్‌లోంచే ఖర్చవుతుంది, బాధ్యత మొత్తం ప్రధాన కార్డుదారుదే, దాన్ని వాడే వ్యక్తికి సొంత రుణ చరిత్ర సాధారణంగా ఏర్పడదు. భార్యకో పెద్దయిన కొడుక్కో సొంత చరిత్ర కావాలంటే అదనపు కార్డు కంటే వారి పేరున చిన్న డిపాజిట్ వేసి కార్డు తీసుకోవడమే నయం.

మన ఉదాహరణకు తిరిగి వస్తే

నెలకు 60,000 వచ్చే ఆ ఉద్యోగి నన్ను అడిగితే, ముందు నివేదిక చూసుకోమని, తరవాత పాత బ్యాంకులో తాజా జీతం స్లిప్పులతో లిమిట్ పెంపు అడగమని చెబుతాను. పెంపు వచ్చి, అవసరం అంతటితో తీరితే రెండో కార్డు అక్కర్లేదు. యూపీఐ కోసమే అయితే అదే బ్యాంకు రూపే కార్డు చాలు. అత్యవసరానికి విడిగా ఒకటి ఉండాలనుకుంటే, ఆరు నెలలు ఆగి, జీతం ఖాతా లేని మరో బ్యాంకులో, ఏటా రుసుము లేని కార్డు ఒకటి తీసుకోమంటాను. అక్కడ 80,000 లిమిట్ వచ్చినా ఆ పనికి సరిపోతుంది.

దరఖాస్తు తిరస్కరిస్తే, నిర్దిష్టమైన కారణాన్ని రాతపూర్వకంగా తెలియజేయడం కార్డు సంస్థ బాధ్యత. ఆ లేఖను పారెయ్యకుండా చదవాలి. కారణం స్కోరు అయితే నివేదిక దిద్దుకోవాలి, ఆదాయం అయితే డిపాజిట్ దారి చూడాలి, ఇప్పటికే ఉన్న లిమిట్లు ఎక్కువన్నది కారణమైతే వాడని కార్డు ఒకటి మూసివేయాలి. ఉమ్మడి లిమిట్ ఉన్న రెండింటిలో ఒకటి మూసేటప్పుడు, మొత్తం లిమిట్ మిగిలిన కార్డు మీద అలాగే ఉంటుందా అని ముందుగా రాసి అడగాలి. బకాయి లేని కార్డును మూయమని కోరిన ఏడు పనిదినాల్లో మూయకపోతే, ఆలస్యమైన ప్రతి రోజుకూ 500 రూపాయలు కార్డుదారుకు చెల్లించాలి. బ్యాంకుకు ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులను విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. అప్పుడు బ్యాంకుతో నడిచిన ఈమెయిళ్లన్నీ ఆధారాలవుతాయి కాబట్టి వాటిని భద్రపరచుకోవాలి.